భద్రం

తప్పు పాస్‌వర్డ్ కొడితే తప్పని చెప్పే కంప్యూటర్‌తో నాకు పేచీ లేదు. మొన్న ఆదివారం మాది ఒప్పు కొట్టినా తోసేసింది. తెర నల్లబడి, రెండు క్షణాలు ఆలోచించినట్టు నటించి, మళ్ళీ అదే పేరు, అదే గడి. కొత్తల్లుడికి కాళ్ళకి నీళ్ళిచ్చి, తీరా గడప దాటబోతుంటే "ఎవరు కావాలండీ?" అన్నట్టుంది. పదకొండుసార్లు కొట్టాను. అనుమానమొచ్చి కావాలని తప్పు కొడితే తప్పని ఠక్కున చెప్పింది. అంటే నేనెవరో దానికి తెలుసు. తెలిసే రానివ్వడం లేదు.

"ఏమండీ, ఒకసారి స్విచ్చి ఆపి వేసి చూడండి," అంది మా ఆవిడ. మిక్సీకైనా, టీవీకైనా ఆవిడ వైద్యం ఒకటే. వేశాను. మళ్ళీ కాళ్ళకి నీళ్ళు, మళ్ళీ గెంటడం.

హైదరాబాదులో మేనల్లుడికి ఫోన్ చేశాను. మా కంప్యూటర్‌ని నడిపే ఈ ఉబుంటు అంటగట్టింది వాడే.

"కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కు మావయ్యా."

నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలొచ్చాయి. పేరు కొట్టాను. పాస్‌వర్డ్ కొడుతుంటే ఒక్క చుక్కా పడదు.

"కీబోర్డు కూడా పోయిందిరా!"

"పోలేదు. అక్కడ కనపడదంతే. ఎంటర్ కొట్టు."

సింహద్వారం మూసినా దొడ్డిగుమ్మం తెరిచే ఉందన్నమాట. డీఎఫ్ మైనస్ హెచ్ కొట్టమన్నాడు. డిస్కు 100 శాతం నిండింది, ఖాళీ సున్నా. నేను లోపలికొచ్చినప్పుడల్లా అది ఏవో చిన్న ఫైళ్ళు రాసుకోవాలిట. రాయడానికి చోటు లేక, పని మధ్యలో వదిలేసి నన్ను బయట పెడుతోంది.

"మరి అది ఎలా నడుస్తోందిరా?"

డిస్కు సిద్ధం చేసేటప్పుడే మామూలుగా 5 శాతం చోటు రూట్ కోసం, అంటే యంత్రంలో సర్వాధికారి కోసం, పక్కన పెట్టేస్తారట. నా 250 జీబీలో రమారమి 12. కొన్నది నేను, వాయిదాలు కట్టింది నేను. నాకు ఒక్క అక్షరం రాసుకునే చోటు లేదు, ఆయనగారికి మాత్రం విడిగా పడగ్గది!

ఇంత మేసిందెవరో డీయూ అనే ఇంకో మాటతో పట్టాం. ఇంగ్లీషు అక్షరాల్లో 'భద్రం' అని నేనే పేరు పెట్టుకున్న ఫోల్డరు. మా బావమరిది పెళ్ళి వీడియో, ఒక్కొక్కటి 65 జీబీ చొప్పున మూడు కాపీలు. "బావగారూ, మీ దగ్గరైతే భద్రంగా ఉంటుంది" అన్నాడతను. మొదటిసారి కాపీ సరిగా అయిందో లేదోనని రెండోది, రెండోది ఉందో లేదోనని మూడోది చేశాను.

"ఆర్‌ఎమ్ మైనస్ ఆర్ అని కొట్టి ఫోల్డరు పేరు... ఆగాగు మావయ్యా, ఒక కాపీ ఉంచి..."

ఎంటర్ కొట్టేశాను. మన కిళ్ళీకొట్టువాడు కూడా "సున్నం ఎక్కువ వెయ్యనా?" అని అడుగుతాడు. ఈ ఆర్‌ఎమ్ ఏమీ అడగదు. దానికి చెత్తబుట్ట కూడా లేదు, వెళ్ళి ఏరుకుందామంటే.

కంప్యూటరు ఇప్పుడు ఒక్క దెబ్బకి లోపలికి రానిస్తోంది. బావమరిది తొలి పెళ్ళిరోజు వచ్చే నెల. మా ఆవిడ అప్పుడే వీడియో సంగతి రెండుసార్లు ఎత్తింది. ఈ ఒక్క సంచిక మా ఇంటికి పంపొద్దని సంపాదకులవారికి మనవి.