మా రోజుల్లో పట్టు ఏడుగురిది

ఇప్పటి పిల్లలు టీవీలో కబడ్డీ చూస్తూ ముందు అడిగేది ఏ జట్టు గెలుస్తోందని కాదు, ఎవడికి ఎన్ని పాయింట్లు వచ్చాయని. ఫజల్‌కి ఎన్ని, షాద్‌లూయికి ఎన్ని, నితేశ్‌కి ఎన్ని! తెర మీద మనిషి బొమ్మ, పక్కన అంకె. పట్టేవాడికి కూడా ఒక అంకె వచ్చిందని నాకు సంతోషమే. వయసులో ఉన్నన్నాళ్లూ ఎడమ మూలలో నిలబడి ఆడినవాణ్ని, సంతోషం ఎందుకుండదు? కానీ ఆ అంకె ఆటను తినేస్తోంది. నా బాధ అదీ.

మా ముదిగొండలో సంక్రాంతి వస్తుందంటే వారం ముందు నుంచే కోర్టు పని మొదలయ్యేది. గడ్డి చెక్కి, పలుగురాళ్లు ఒక్కొక్కటే ఏరి, బండ్ల మీద చెరువు మట్టి తోలి పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసలతో కొట్టేవాళ్లం. పైన రంపప్పొట్టు. గీతలకు సున్నం. రాత్రి ఆటలకు పెట్రోమాక్స్ లైట్లు అద్దెకు తెచ్చి గుంజలకు కట్టేవాళ్లం. నేలకొండపల్లి నుంచి, ఖమ్మం నుంచి జట్లు వచ్చేవి. ఇల్లెందు, కొత్తగూడెం గనుల నుంచి వచ్చేవాళ్లు దిట్టంగా ఉండేవాళ్లు, వాళ్ల నడుం పట్టు పడితే మనిషి మళ్లీ లేచేవాడు కాదు. భద్రాచలం వైపు నుంచి వచ్చే కోయ పిల్లల కాళ్లు నేల మీద ఆనేవి కావు. మట్టి మీద ఒట్టి కాళ్లతో ఆట. మోచేతులు, మోకాళ్లు చెక్కుకుపోతే పసుపు అద్దుకుని మళ్లీ దిగడమే.

అప్పుడు కూతగాడికి కాలం గడియారంలో ఉండేది కాదు, ఊపిరిలో ఉండేది. గీత దాటి వచ్చినవాడు ఒక్క ఊపిరితో ఎంతసేపు కూత పెట్టగలిగితే అంతసేపే వాడి ఆట. అందుకని మూలలో ఉన్నవాడు కళ్లతో ఎంత ఆడేవాడో చెవులతో అంత ఆడేవాడు. మొదట్లో కూత గట్టిగా, నిండుగా వస్తుంది. కాసేపటికి ఎక్కడో ఒకచోట సన్నబడుతుంది. కొందరు మొహం పక్కకు తిప్పి దొంగ ఊపిరి తీసేవాళ్లు. అంపైరుకు వినపడకపోయినా పట్టేవాడికి వినపడాలి. కూత సన్నబడగానే కూతగాడి మనసు ఇంటి దారి పడుతుంది. చెయ్యి ఇంకా మనవైపే చాపుతుంటాడు, వెనకపాదం మాత్రం మధ్యగీత వైపు తిరుగుతుంది. పట్టేది అప్పుడే. మీద పడి కాదు, కింద పడి. రొమ్ము నేలకు ఆనించి, రెండు చేతులూ చీలమండకు చుట్టి, తల పక్కకు తీసుకోవాలి. తల తియ్యడం ఆలస్యమైందా, వాడి మోకాలు దవడకు తగులుతుంది. పళ్లు రాలినవాళ్లు మా ఊళ్లో ఉన్నారు.

ఇప్పుడు రైడ్‌కి 30 సెకన్లు. వరుసగా రెండు రైడ్లు ఖాళీగా పోతే మూడోది చావో రేవో, పాయింటు తేకపోతే రైడర్ ఔట్. చూసేవాడికి రంజుగా ఉంటుంది, కాదనను. కూత పెట్టాలన్న నియమం ఇప్పటికీ పుస్తకంలో ఉంది. కానీ స్టేడియంలో పాటల హోరులో ఆ కూత ఎవరికి వినపడుతుంది? పట్టేవాడు ఊపిరి వినడం మానేసి గడియారం చూస్తున్నాడు. మూడో రైడ్ వస్తే రైడర్ తనంతట తనే లోపలికి రాక తప్పదని తెలుసు, దాని కోసం కాచుకుని ఉంటాడు. ఓపిక పట్టడం కూడా విద్యే. కానీ అది మేం నేర్చిన విద్య కాదు.

అసలు సంగతి గొలుసు. ఏడుగురం చేతులు చేతులు పట్టుకుని నిలబడేవాళ్లం. వేళ్లలో వేళ్లు దూర్చితే మా గురువు ఊరుకునేవాడు కాదు, వేళ్లు విరుగుతాయని. మణికట్టు పట్టుకోవాలి, పక్కవాడు మన మణికట్టు పట్టుకోవాలి. అప్పుడు ఒకడు జారినా రెండోవాడి చెయ్యి విడిపోదు. మూలవాడు కాలు అందుకున్నాడంటే అది సగం పనే. పక్కనున్నవాడు అదే క్షణంలో కూతగాడి మీదికి వచ్చి దారి మూసెయ్యాలి, మూడోవాడు నడుం అందుకోవాలి, అవతలి మూలవాడు గీతకు అడ్డం పడాలి. లేకపోతే చీలమండ పట్టినవాణ్ని ఈడ్చుకుంటూనే కూతగాడు చెయ్యి చాపి గీత ముడతాడు. అప్పుడు ఔటయ్యేది వాడు కాదు, వాణ్ని పట్టుకున్నవాళ్లు. నేను పట్టిన మంచి పట్లన్నీ నా కుడి పక్కన నిలబడ్డవాడి పట్లు కూడా. ఆయన పేరు ఏ పత్రికలోనూ రాలేదు, నా పేరూ రాలేదు. ఊళ్లో జనం మాత్రం "మీ ఎడమ పక్క గట్టిది" అనేవాళ్లు. ఎడమ పక్క అంటే ఇద్దరం. పేరు ఇద్దరికీ ఒక్కసారే వచ్చేది.

సినిమావాళ్లు కూడా పట్టేవాణ్ని ఎప్పుడూ చూపించలేదు. 2003లో ఒక్కడు వచ్చింది, 2010లో భీమిలి కబడ్డీ జట్టు వచ్చింది, 2021లో సీటీమార్ వచ్చింది. జనం ఈలలు వేసేది గీత దాటి వెళ్లేవాడికే. చీలమండ కోసం మట్టిలో పడేవాడి మీద పాట ఎవరు తీస్తారు?

2014లో ప్రో కబడ్డీ లీగ్ వచ్చాక ఆ లోటు కొంత తీరింది, అది ఒప్పుకోవాలి. ఆ మొదటి వేలంలో అందరికన్నా ఎక్కువ ధర పలికింది రాకేశ్ కుమార్‌కి, 12 లక్షల 80 వేలు. నాలుగేళ్లు తిరిగేసరికి, 2018లో, ఆ లీగ్ వేలాల్లో మొట్టమొదట కోటి అందుకున్నవాడు ఒక డిఫెండర్! ఇరాన్ మనిషి ఫజల్ అత్రాచలి, ఎడమ మూల. ఆ వార్త చదివిన రోజు నేను ఇరుగుపొరుగందరికీ చెప్పి వచ్చాను. అదే సీజన్‌లో యూపీ యోధా కుడి మూల నితేశ్ కుమార్ ట్యాకిళ్లలో 100 పాయింట్లు తెచ్చాడు. 2023లో మొహమ్మద్‌రెజా షాద్‌లూయి 2 కోట్ల 35 లక్షలకు పోయాడు. మా రోజుల్లో పట్టేవాడి బతుక్కి పెద్ద ఆశ అంటే రైల్వేలోనో పోలీసులోనో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం. సికింద్రాబాద్‌లో దక్షిణ మధ్య రైల్వేకి ఆడిన తేజస్విని బాయి, మమతా పూజారి ఉద్యోగం చేసుకుంటూనే 2010 ఆసియా క్రీడల్లో దేశానికి బంగారు పతకం తెచ్చారు. కోటి రూపాయలన్నది వాళ్ల కలలోకి కూడా వచ్చి ఉండదు. ఇప్పటివాళ్లకు డబ్బు వస్తోందని నాకు కడుపుమంట లేదు. మోకాలి నరం తెగితే ఆపరేషన్ చేయించుకునే స్థోమతన్నా ఉంటుంది.

నా పేచీ లెక్కతో. ఐదుగురు కలిసి పడేసినా ట్యాకిల్ పాయింటు మొదట పట్టినవాడి పేరు మీదే పడుతుంది. దారి మూసినవాడు, నడుం అందుకున్నవాడు, అవతలి మూల నుంచి పరుగెత్తుకొచ్చినవాడు, వీళ్ల ఖాతాలో సున్నా. దాంతో ఏమవుతోంది? అందరికీ మొదట పట్టాలనే ఆత్రం. రైడర్ ఇంకా బాక్ లైన్ దాటకముందే మూలవాడు ఎగిరి పడతాడు, పక్కవాడు బిత్తరపోయి చూస్తాడు, ఇద్దరు ఔట్. మా ఊరి పిల్లల ఆటలో రోజూ చూస్తున్నాను. అడిగితే "అడ్వాన్స్ ట్యాకిల్ తాతా" అంటారు.

ఒక్కడి మీద డబ్బు పోస్తే జట్టు కాదనడానికి మన తెలుగు టైటాన్స్ కన్నా పెద్ద సాక్ష్యం ఏం కావాలి? 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షలకు పైగా పెట్టి తెచ్చుకున్నారు. గొప్ప రైడరే, అందులో అనుమానం లేదు. ఆ సీజన్‌లో 22 మ్యాచ్‌లు ఆడి గెలిచినవి రెండు, జాబితాలో అట్టడుగు. పవన్ వెళ్లిపోయాక 2025లో, విశాఖలో మొదలైన సీజన్‌లో, విజయ్ మాలిక్ కెప్టెన్సీలో అదే టైటాన్స్ ప్లేఆఫ్స్ దాకా వెళ్లారు. పట్టడం ఏడుగురిదైతే కూత మాత్రం ఒక్కడిదెలా అవుతుంది?

మా అన్న మనవడు డల్లాస్ దగ్గర హైస్కూల్లో చదువుతున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు వాళ్ల అమెరికన్ ఫుట్‌బాల్ ఫోన్‌లో చూపించి ఓపిగ్గా వివరించాడు. పదకొండు మంది అటు, పదకొండు మంది ఇటు. బంతి విసరబోయే క్వార్టర్‌బ్యాక్‌ను విసరకముందే పడేస్తే దాన్ని శాక్ అంటారట. నాకు వెంటనే అర్థమైంది, అదీ పట్టే విద్యే. డీకన్ జోన్స్ అని ఒకాయన 1961 నుంచి 1974 దాకా ఆడాడు. లాస్ ఏంజెలెస్ రామ్స్ జట్టులో ఆయనతో కలిపి నలుగురు ముందు వరుసలో నిలబడితే అవతలివాళ్లకు గుండె జారేదట. ఆ నలుగురికీ కలిపే ఒక బిరుదు, విడివిడిగా కాదు. ఆయన ఆడిన కాలంలో శాక్‌లను ఎవరూ లెక్క పెట్టలేదు. లీగ్ అధికారికంగా లెక్క మొదలుపెట్టిందే 1982లో. తర్వాత పాత రికార్డులు తిరగేసినవాళ్లు ఆయనవి 173న్నర అని తేల్చారు. అధికారిక పట్టికలో మాత్రం అవి లేవు.

ఆ "న్నర" దగ్గర నేను ఆగిపోయాను. పిల్లవాణ్ని అడిగితే చెప్పాడు: ఇద్దరు కలిసి పడేస్తే చెరి సగం రాస్తారట. అంత డబ్బున్న ఆట, మనిషి మనిషికీ వేల పేజీల లెక్కలున్న ఆట, అయినా పక్కవాడి సగం పక్కవాడికి ఇస్తున్నారు. మన కబడ్డీలో ఆ సగం ఎక్కడికి పోయింది?

ఆ ఆటలో మనవాళ్ల రక్తం ఉన్న ఒక డిఫెండర్ గురించి కూడా వాడే చెప్పాడు. బ్రాండన్ చిల్లార్ తండ్రి భారతీయుడు. 2004లో సెయింట్ లూయిస్ రామ్స్ తీసుకుంటే, తర్వాత గ్రీన్ బే ప్యాకర్స్‌కి వెళ్లాడు. ఆ జట్టు 2011 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచేనాటికి గాయంతో బయట కూర్చున్నాడు. ఏడు సీజన్లతో ఆట ముగిసింది. పట్టేవాడి వయసు ఎక్కడైనా ఇంతే. జూనియర్ సియావ్ అని ఆ ఆటలోనే ఇంకో డిఫెండర్ మాత్రం ఇరవై సీజన్లు గుద్దుకుంటూ ఆడి, 2012లో ప్రాణం తీసుకున్నాడు. ఆయన మెదడు పరీక్షిస్తే లోపల జబ్బు బయటపడిందట. ఆ ఆటను ఇండియాలో నిలబెట్టాలని 2012 ప్రాంతంలో ఒక లీగ్ కూడా పెట్టారు, హైదరాబాద్ స్కైకింగ్స్ అని మనకూ ఒక జట్టు. అది నిలవలేదు. నేల మీద పుట్టని ఆటను డబ్బు ఎన్నాళ్లు మోస్తుంది?

పట్టు పాఠం మనవాళ్లకు బయటివాళ్లు చెప్పి పోయారు. 1990లో ఆసియా క్రీడల్లో కబడ్డీ పెట్టినప్పటి నుంచి 2014 దాకా మగవాళ్ల బంగారం వరుసగా మనదే. 2018 జకార్తాలో సెమీఫైనల్లో ఇరాన్ చేతిలో 18-27 తో ఓడిపోయాం. ఆ మ్యాచ్ చూస్తూ నాకు కోపం రాలేదు, కళ్లలో నీళ్లొచ్చాయి. వాళ్లు ఆడింది మా ఆట. ఒకడు కాలు అందుకున్న క్షణానికి మిగతావాళ్లంతా మనిషి చుట్టూ మూసుకుపోతున్నారు. కుస్తీ దేశం కాబట్టి బలం ఉందని టీవీలో అన్నారు. బలం కాదు, గొలుసు. 2023 హాంగ్‌జౌలో మళ్లీ మనమే 33-29 తో గెలిచాం, సంతోషం. కానీ అది చివరిదాకా ఊపిరి బిగపట్టి చూడాల్సిన గెలుపు. అటువంటి రోజు వస్తుందని మా కాలంలో ఎవరూ అనుకోలేదు.

ఇప్పుడు మా ఊళ్లో మేం ఆడిన ఖాళీ జాగా లేదు. అక్కడ గోడలు లేచాయి. పిల్లలు సాయంత్రం ఆడాలంటే చేలు కోసిన తర్వాత మళ్లలో, అదీ మిర్చి కళ్లాలు పడేదాకే. మ్యాట్ కావాలంటే ఖమ్మం వెళ్లాలి. అంతదూరం వెళ్లి నేర్చుకునేవాడు రైడే నేర్చుకుంటాడు, ఎందుకంటే సెలెక్షన్‌లో ఒంటరిగా చూపించగలిగేది అదొక్కటే. గొలుసు ఒక్కడు ఎలా చూపిస్తాడు? దానికి పక్కన ఆరుగురు కావాలి, ఆ ఆరుగురితో ఏళ్ల తరబడి ఒకే మట్టిలో పడి లేచి ఉండాలి. ఎవడి ఊపిరి ఎప్పుడు ఆగుతుందో, ఎవడు ఎటు పడతాడో ఒంటికి తెలిసి ఉండాలి. అది వేసవి శిబిరంలో నెల రోజుల్లో వచ్చేది కాదు.

పోయిన సంక్రాంతికి పోటీలు పెట్టిన కుర్రాళ్లు ఉత్తమ రైడర్‌కి ఒక కప్పు, ఉత్తమ డిఫెండర్‌కి ఒక కప్పు తెచ్చారు. కాలు అందుకున్న పిల్లవాడికి కప్పు ఇచ్చారు. దారి మూసినవాడు చప్పట్లు కొట్టాడు. నేను వేదిక దగ్గరికి వెళ్లి చెప్పాను: వచ్చే ఏడాది నుంచి డిఫెండర్ కప్పు ఒక్కడికి కాదు, మూలకీ పక్కకీ కలిపి ఇద్దరికివ్వండి, ఖర్చు ఎక్కువైతే ఆ రెండో కప్పు నేను తెస్తాను అని. చూద్దాం తాతా అన్నారు. వచ్చే ఏడాది పోటీలకు ముందే వెళ్లి మళ్లీ అడుగుతాను.