పాతిండ్ల సారు

పాతిండ్ల సారు రుద్రవరం చుట్టుపక్కల ఊళ్లలో ఆదివారం పొద్దున కనిపిస్తాడు. కాపురం ఆళ్లగడ్డలోనో నంద్యాలలోనో. బ్యాంకులో రిటైరైనవాడో, ఇంకా పాఠాలు చెబుతున్న లెక్చరరో, బెంగుళూరు నుంచి సెలవుకొచ్చిన సాఫ్ట్‌వేరు కొడుకో అయి ఉంటాడు. సారు అనే బిరుదు ఉద్యోగాన్ని బట్టి వచ్చింది కాదు. పాత మిద్దె ముందు బండాపి, మనుషుల్ని పలకరించకుండా తల పైకెత్తి దూలాలు లెక్కపెట్టే ప్రతివాడినీ ఊరు అలాగే పిలుస్తుంది. అహోబిలం స్వామి సంక్రాంతి దాటాక పార్వేట ఉత్సవానికని పల్లకిలో బయల్దేరి ఏడాదికోసారి ఈ సీమ ఊళ్లు తిరుగుతాడు. సారు వారానికోసారి తిరుగుతాడు. స్వామికి జనం హారతులతో ఎదురొస్తారు. సారుకు కుక్కలు ఎదురొస్తాయి.

అమెరికాలో ఇంటి పెద్ద పోతే ఇంట్లో ఉన్నదంతా, మంచం నుంచి గరిటె దాకా, ధర చీటీలు అంటించి రెండు మూడు రోజులు తలుపులు బార్లా తెరిచి అమ్ముతారు. దాన్ని ఎస్టేట్ సేల్ అంటారు. ముక్కూ మొహం తెలియనివాళ్లు పడకగది దాకా వెళ్లి అల్మరాలు తెరిచి చూడొచ్చు. ఈ వైపు అంత సదుపాయం లేదు. చీటీ ఉండదు, బోర్డు ఉండదు. సామాను అమ్మకానికి ఉందన్న సంగతి చాలాసార్లు అమ్మేవాళ్లకే తెలియదు, సారు వెళ్లి చెప్పాలి. అందుకే ఆయన చెవులు మూడు కబుర్ల కోసం నిక్కబొడుచుకుని ఉంటాయి: ఫలానా పెద్దాయన పోయాడని, అన్నదమ్ములు భాగాలు పంచుకుంటున్నారని, పాతిల్లు పడగొట్టి స్లాబు వేస్తున్నారని. మొదటి కబురుకు మాత్రం దినాలు అయ్యేదాకా మర్యాదగా ఆగుతాడు. ఆ భోజనాల్లో విస్తట్లో ఏం పడిందో చూసుకోడు, ఏ గంగాళంలోంచి పడిందో చూస్తాడు.

ఆయన్ని ఇంతగా పట్టి లాగే ఇల్లు ఎలా ఉంటుందో చెప్పుకోవాలి. వీధిలోంచి చూస్తే అది పెద్ద రాతి గోడ, చిన్న తలుపు, అంతే. మూరన్నర, రెండు మూరల మందాన బురదతో పేర్చిన గోడల మీద దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలు, వాటి మీద బండలో వెదురు తడికలో, ఆపైన మట్టి, అన్నిటికీ పైన చౌడు. పొలంలో పైరుకు పనికిరాని ఈ చౌడు ఇంటి మీద మాత్రం బంగారం. తడి తగలగానే మెదిగి, సందులన్నీ పూడ్చుకుని, నీటిని కిందికి వదలదు. ఏటా వానలకు ముందు కొత్త చౌడు పోయాలి. పోసిన ప్రతిసారీ మిద్దె కాస్త బరువెక్కుతుంది. మూడు నాలుగు తరాల చౌడు మోయాలి గనక దూలం మనిషి కౌగిలికి అందనంత లావుంటుంది. నల్లమల పక్కనే ఉన్న ఊళ్లు కాబట్టి అప్పట్లో టేకుకూ నారేపికీ కొదవ లేదు. సారు కన్ను ఉన్నది సరిగ్గా ఆ దూలం మీదే.

మిద్దె నడుమ గవాక్షి ఉంటుంది. పైకప్పులో జానెడు మూరెడు రంధ్రం, వానొస్తే మూయడానికి పక్కనే ఒక బండ. మధ్యాహ్నం పూట దానిలోంచి ఎండ పొడుగాటి స్తంభంలా నేల మీదికి దిగుతుంది, అందులో పిండి దుమ్ము తిరుగుతూ ఉంటుంది. సారు ఫోనులో ఉన్న ఫోటోల్లో సగం ఈ స్తంభానివే. ఇంత వేసవిలోనూ ఎంత చల్లగా ఉందో అని నిట్టూరుస్తాడు. వెనక్కి వెళ్లి కారులో ఏసీ పెంచుకుంటాడు. ఆ చల్లదనంలో బతికేవాళ్లకు వేరే లెక్కలున్నాయి. చౌడు మోసే కూలీ దొరకడు, వానాకాలం నాలుగుచోట్ల గిన్నెలు పెట్టాలి, దంతెల సందుల్లోంచి తేళ్లు రాలతాయి, చెదలు దూలాన్ని లోపల్నుంచి పొట్టులా చేస్తాయి. కోడలికి స్లాబు కావాలి. కోడలి మాటే న్యాయం.

సారు బేరంలో అందరికీ తెలిసిన మొదటి ఎత్తు మంచినీళ్లు అడగడం. దాహం వేసి కాదు, చెంబు చూడటానికి.

"అవ్వా, రోంత నీళ్లిస్తావా?"

"ఎవురప్పా నువ్వు? ఓట్లకొచ్చినావా, పింఛనుకొచ్చినావా?"

"ఊరికే ఇల్లు చూద్దామని వచ్చినానవ్వా."

"పడిపోయేదాన్ని చూసేదానికేముందప్పా!" అంటూనే అవ్వ లోపలికెళ్తుంది. ఒకప్పుడు ఈ ఎత్తు బ్రహ్మాండంగా పారేది. మెడ కింద చుక్కచుక్కలుగా పేరు కొట్టిన కంచుచెంబు వచ్చేది. పెళ్లిలో చదివించినవాళ్ల ఇంటిపేరు, ఊరు, ఒక్కోసారి సంవత్సరం కూడా ఆ చుక్కల్లో ఉంటాయి. సారు నీళ్లు తాగుతూ చెంబును కళ్లకు దగ్గరగా తిప్పి, గుక్కకొక అక్షరం చొప్పున చదివేవాడు. ఇప్పుడు ఫ్రిజ్‌లోంచి ప్లాస్టిక్ సీసా వస్తుంది. పాత ఇత్తడిని తూకానికి వేసి స్టీలు గిన్నెలు తెచ్చుకోవడం ఎప్పుడో అయిపోయింది. స్టీలు వాళ్లు దాటిపోయిన దారిలో సారు ఇరవై ఏళ్లు ఆలస్యంగా వచ్చాడు.

రెండో ఎత్తు తనకు కావాల్సినదాన్ని చూడకపోవడం. తలుపు కావాలనుకున్నవాడు గోడగడియారాన్ని మెచ్చుకుంటాడు. భోషాణం కావాలనుకున్నవాడు దాని మీద కూర్చుని, విసుర్రాయి గురించి అరగంట మాట్లాడతాడు. చివరికి లేస్తూ, ఏదో గుర్తొచ్చినట్టు, ఈ పెట్టె ఎందుకవ్వా ఇక్కడ అడ్డం అంటాడు. భోషాణం తెరిస్తే లోపల ఏముంటుందో ఏ ఊళ్లోనైనా దాదాపు ఒకటే: చింతగింజలు, ఎవరిదో పాడైన కళ్లజోడు, శిస్తు రసీదుల కట్ట, ఎప్పుడో చెల్లిపోయిందో చెల్లనేలేదో తెలియని ఒక ప్రోనోటు, సేరు కొలత పాత్ర. దశాంశ తూకాలు 1958 నుంచి దేశంలో వరసగా అమల్లోకి వచ్చాయి గానీ, చాలా ఇళ్లలో సేరును ఎవరూ పారెయ్యలేదు, లోపల పెట్టి మూతవేశారు. సారు చింతగింజలు తీసేసి మిగతావన్నీ పెట్టెతో పాటే వస్తాయా అని అడుగుతాడు. ఇక్కడే అవ్వకు అనుమానం వస్తుంది, ధర రెట్టింపవుతుంది.

కొన్నది చేతికొచ్చాక దానికి చరిత్ర పుడుతుంది. ఈ చుట్టుపక్కల చరిత్రకు లోటు లేదు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. ఆయన మీద 2019లో సినిమా వచ్చింది. ఆ సినిమా తర్వాత ఈ ప్రాంతంలో తుప్పుపట్టిన ఏ కత్తీ మామూలు రైతుది కాకుండా పోయింది. అదే ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి 1866 కరువులో వేలమందికి అంబలి పోసి, విక్టోరియా రాణి నుంచి బంగారు పతకం అందుకున్నాడు. అందువల్ల సారుకు దొరికే పెద్ద గంగాళమల్లా వెంగళరెడ్డిగారి అంబలి గంగాళమే. వాటన్నిటినీ ఒకచోట చేరిస్తే ఆ కరువు వచ్చి ఉండేదే కాదు. ఆళ్లగడ్డ రాతిశిల్పులకు పేరుపడ్డ ఊరు. రోడ్డు పక్క ముక్కు విరిగిన నందిని చూసి విజయనగర కాలానిదని చేతులు జోడించిన సార్లున్నారు. ఉలి జారి పాడైందని కిందటేడు పక్కన పడేసిన నంది అది.

వయసు విషయంలో సారు మాట మూడు రకాలుగా ఉంటుంది. కొనేటప్పుడు వస్తువు నిన్నమొన్నటిది. ఇంటికొచ్చిన బంధువులకు చూపేటప్పుడు రెండు వందల ఏళ్లది. పోలీసు అడిగితే తొంభై తొమ్మిదేళ్లది. దీనికి కారణం 1972 నాటి పురావస్తువుల చట్టం. నూరేళ్లు దాటిన శిల్పాలు, చిత్రాలు, చెక్కడాల వంటివాటిని అది పురావస్తువులంటుంది, రాతప్రతులకు 75 ఏళ్లు చాలంటుంది. వాటితో వ్యాపారానికి లైసెన్సు కావాలి, ప్రైవేటు మనిషి వాటిని దేశం దాటించకూడదు. వ్యాపారి కానివాడికి ఇత్తడి చెంబుతో అంత భయం అవసరం లేదు. అయినా సారు చట్టం సగమే చదివాడు.

చట్టం కన్నా ఊరి అనుమానం గట్టిది. గుప్తనిధుల కోసం నల్లమల గుళ్లలో తవ్వేవాళ్లను పట్టుకున్న వార్తలు పేపర్లో రానిదే ఏడాది గడవదు. కాబట్టి పాతింట్లో నేలకేసి చూసేవాడు ఊరి దృష్టిలో ఒకటే పనికి వచ్చినట్టు. జొన్నపాతర ఎక్కడుండేదవ్వా అని సారు అడిగిన ప్రశ్నకు అరుగు మీదివాళ్లు ముఖముఖాలు చూసుకుంటారు. పది రూపాయలకు మించిన నిధి భూమిలో దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలని 1878లో చట్టం చేశారు, ఆ లెక్కన ఇప్పుడు ఇత్తడి గరిటె దొరికినా నిధే. ఇక సాయంత్రానికి ఒక కుర్రవాడు సారును పక్కకు పిలుస్తాడు. బియ్యాన్ని లాగే రాగిచెంబు తన దగ్గరుందని, కోట్లు పలుకుతుందని, సారు ముఖం చూసి తక్కువకిస్తానని చెబుతాడు. పాత సామాను మీద ఇంత మోజున్నా, రైస్ పుల్లర్ మోసాన్ని సారు నమ్మడు. నమ్మకపోయినా చెంబు మాత్రం ఒకసారి చూపించమంటాడు.

తలుపు కొనడం ఒకెత్తు, తేవడం ఒకెత్తు. రుద్రవరం రేంజి అడవి ఎర్రచందనం దొంగలకు పేరుమోసింది. టార్పాలిన్ కప్పిన ఆటోలో పొడుగాటి కొయ్య పోతుంటే చెక్‌పోస్టు వాళ్లు ఊరుకోరు. సారు దిగి, ఇది నూట యాభై ఏళ్ల టేకు అని మొదలుపెట్టి, అంతలో తొంభై తొమ్మిది గుర్తొచ్చి సర్దుకుంటాడు. గార్డు గోటితో గీకి, వాసన చూసి, ఇంత పాత తలుపుకు ఇంత డబ్బెందుకు పోశావు సార్ అని జాలిగా పంపిస్తాడు.

సారుకు పోటీ లేకపోలేదు. రిసార్టుల కోసం కొనే ఏజెంట్లు లారీతో వస్తారు, సుద్దముక్కతో దూలాలకు అంకెలు వేసి ఇల్లిల్లే ఎత్తుకుపోతారు. చెట్టినాడు మేడలు కూలిన సామానుతో తమిళనాడు కారైకుడిలో ఒక వీధంతా దుకాణాలే ఉన్నాయి, ఆ దారి ఇక్కడివాళ్లకూ తెలిసింది. సారు వాళ్లను ఇళ్లు కూల్చే రాబందులంటాడు. ఈ తిట్టులో కొంచెం చిక్కుంది. నిన్నటిదాకా వానకు తడుస్తూ ఎలాగోలా నిలబడ్డ మిద్దె, తలుపుకు ముప్పైవేలు వస్తాయని తెలిసిన నెలలో పడిపోతుంది. తలుపూ వాకిలీ తీశాక గోడ నిలవదు, దూలం లాగితే మిద్దె నిలవదు. ఆ ముప్పైవేల మాట ఊళ్లో మొదట అన్నది ఏజెంటు కాదు, ఒక ఆదివారం మంచినీళ్లు అడిగిన మనిషి.

ఈ జాతికి మూలపురుషుణ్ని వెతకాలంటే హైదరాబాదు దాకా వెళ్లాలి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో పోయేనాటికి ఆయన మహలు దివాన్ దేవిడీ నిండా వస్తువులే. 1951 డిసెంబరు 16న నెహ్రూ వాటిని మ్యూజియంగా తెరిచాడు. సాలార్‌జంగ్ పెళ్లి చేసుకోలేదు. సారు చేసుకున్నాడు. తేడా అంతా అక్కడే వచ్చింది. సారు సామాను మొదట హాల్లో, పండగకు వరండాలో, పండగ దాటాక కారు షెడ్డులో ఉంటుంది, కారు వీధిలో ఉంటుంది. రోలులో తామరాకులు, గంగాళంలో మనీప్లాంటు, సేరులో పెన్నులు. ఇంటావిడ వంట స్టీలులోనే, ఆ సంగతి మీద చర్చ లేదు.

తలుపుకు మాత్రం చోటు కుదరదు. మిద్దె తలుపు పొట్టిది, వచ్చినవాడు తల వంచాల్సిందే. స్లాబింటి ద్వారబంధం ఏడడుగులు. చివరికి సారు పైన ఇటుకలు కట్టించి, ద్వారాన్ని కుదించి, ముందు గదికే బిగించుకుంటాడు. తరతరాల సింహద్వారమని వచ్చినవాళ్లకల్లా చెబుతాడు, వచ్చినవాళ్లు నుదురు తడుముకుంటూ వింటారు. అమ్మిన అవ్వ ఆళ్లగడ్డ ఆస్పత్రికొచ్చి, పనిలో పనిగా చూసిపోదామని ఎప్పుడైనా వస్తుంది. వాకిట్లో నిలబడి తలుపును కిందికీ పైకీ చూసి, అడుగున నున్నగా అరిగినచోట చెయ్యి పెడుతుంది.

"ఇది ఎద్దుల కొట్టం తలుపు గదా నాయనా. కొమ్ములు రాసి రాసి అరిగింది చూడు. ఇంటి తలుపు మా చిన్నోడు అప్పుడే ఎత్తుకపాయ."