రామదాసే నయం!

తహశీలు సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టించిన రామదాసు గోల్కొండ చెరలో పన్నెండేళ్లున్నాడట. మన ఖమ్మం ఇంజినీరు 2013 ఆఖర్లో గ్రీన్‌కార్డు వరుసలో చేరి, వీసా బులెటిన్‌ను నెలనెలా పంచాంగంలా తిరగేస్తూ 2025 కూడా దాటేశాడు. ఏటా ఇచ్చే కార్డుల్లో ఒక్కో దేశానికి ఏడు శాతమే మరి!

రామదాసుకైతే రాముడే వచ్చి నవాబు తానీషాకు ఆరు లక్షల మొహరీలు చెల్లించాడంటారు. ట్రంప్ జమానా రేట్లు వేరు. బయటి నుంచి కొత్త హెచ్‌1బీకి లక్ష డాలర్లు. వద్దా? ఈబీ-5లో కనీసం ఎనిమిది లక్షల పెట్టుబడి. తొందరా? గోల్డ్‌కార్డుకు పది లక్షలు. దారుల్లేవని ఎవరన్నారు!

అయినా గొణగకు నాయనా. అటవీ హక్కుల చట్టం వచ్చింది 2006లో. పోడు పట్టా కోసం ఇంకా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్న కోయ రైతు నీకన్నా ఏడేళ్లు సీనియరు. అతనికి గోల్డ్‌కార్డు కౌంటరు కూడా లేదు!