హీటర్ ప్లగ్గు పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
ప్లగ్గు మార్చినంత బండి లేచునె చెప్పు
రిలెయె చిలుము పట్టి రెప్ప మూయ?
ఉప్పు గాలి తగులు నూళ్లలో హీటరు
వైద్య మింతె గాదు, వైరు చూడు!

ప్రతిపదార్థం: రిలెయె = బ్యాటరీ కరెంటును ప్లగ్గులకు వదిలే పెట్టె తానే; చిలుము పట్టి = లోపలి రాగి మీద పచ్చటి పొర కట్టి; రెప్ప మూయ = దారి మూసివేయగా; ప్లగ్గు మార్చినంత = ప్లగ్గు ఒక్కటీ మార్చినంత మాత్రాన; బండి లేచునె = ఇంజను అందుకుంటుందా; చెప్పు = ఓ మెకానిక్కూ, నువ్వే చెప్పు; ఉప్పు గాలి తగులు నూళ్లలో = నెల్లూరు జిల్లాలోని ముత్తుకూరు వంటి సముద్రతీరపు ఊళ్లలో; హీటరు వైద్యము = హీటరుకు చేసే రిపేరు; ఇంతె గాదు = ప్లగ్గుతో ముగిసేది కాదు; వైరు చూడు = బ్యాటరీ మొదలు ప్లగ్గు కొస దాకా పరీక్షించు.

తాత్పర్యం: పొద్దున్నే మొరాయించే పాత డీజిలు బండికి తీరంలో ముందు చూడవలసింది కంట్రోలరు, అంటే ఆ రిలే పెట్టె; ఆ తర్వాతే ప్లగ్గు.

విశేషాంశాలు: కవి ఏ బండిని ఉద్దేశించాడో ముందు తేల్చాలి. కృష్ణపట్నం రేవు ముత్తుకూరు మండలంలోనిదే కనుక బొగ్గు టిప్పర్లను గురించి చెప్పాడని తొందరపడి అన్వయించేవారున్నారు. అది పొసగదు. పెద్ద టిప్పర్లలో డీజిలు నేరుగా పిస్టను నెత్తిన చిమ్ముతుంది. వాటికి సాధారణంగా హీటర్ ప్లగ్గులే ఉండవు. లేని అవయవానికి వైద్యం చెప్పేటంత తెలివితక్కువవాడు కాడు మన కవి. కాబట్టి ఇక్కడ బండి అంటే పాత చిన్న ట్రక్కు: ప్యూజో ఇంజనుతో వచ్చిన నాటి మహీంద్రా, 2005లో వచ్చిన తొలి తరం టాటా ఏస్, ఆ జాతివి. రొయ్యల గుంటలకు మేత, ఐసు మోసేవి ఇలాంటివే. వీటిలో డీజిలు ముందుగా ఒక చిన్న గదిలో పడి, అక్కడ అంటుకుని, ఆ మంట సిలిండరులోకి దూకుతుంది. ఈ ముందరి గది పద్ధతికి 1909లో బెంజ్ కంపెనీ ఇంజనీరు ప్రాస్పర్ లోరాంజ్ పేటెంటు తీసుకున్నాడు. దీనివల్ల ఇంజను మెత్తగా నడుస్తుంది గానీ, గది గోడలు ఎక్కువ కనుక వేడిని తాగేస్తాయి. ఆ లోటు పూడ్చడానికే గదిలోకి కొస తొంగిచూసేలా హీటర్ ప్లగ్గు పెట్టారు.

దీనిమీద పూర్వపక్షం ఉంది. నెల్లూరు జిల్లాలో చలి ఎక్కడిది, డిసెంబరు తెల్లవారుజామున కూడా 20 డిగ్రీలకు అటూ ఇటూ కదా, హీటరు దండగ కాదా అని. లెక్క వేస్తే సంగతి తెలుస్తుంది. గాలిని 22 వంతుల నుంచి ఒక వంతుకు నొక్కే ఇంజను బాగుంటే, 20 డిగ్రీల గాలి సుమారు 590 డిగ్రీలకు వేడెక్కాలి. అదే ఇంజను మంచు కొండల్లో మైనస్ 10లో ఉన్నా 500 దాటుతుంది. అంటే చలివల్ల పోయేది 90 డిగ్రీలే. మరి రింగులు అరిగి గాలి కిందికి జారిపోతూ, బ్యాటరీ నీరసించి సెల్ఫు ఈడ్చుకుంటూ తిరిగే పాత బండిలో? ముత్తుకూరు వెచ్చటి గాలి కూడా 270 దగ్గరే ఆగిపోవచ్చు. ఆ రెప్పపాటులో డీజిలు అంటుకోవడానికి అది చాలదు. సైలెన్సరు నుంచి తెల్లపొగ వస్తుంది, మంట రాదు. ఊరి చలికన్నా బండి ముసలితనమే ఎక్కువ వేడిని మింగుతోంది కనుక, వేడి ఊళ్లో హీటరు అక్కర్లేదన్న వాదం నిలవదు.

అయితే ప్లగ్గులు మార్చేస్తే సరి అనే రెండో పక్షం అసలు ప్రమాదకరమైనది, ఎందుకంటే అది సగం నిజం. వేడెక్కిన ప్లగ్గు ఒక్కొక్కటి సుమారు ఒక ఓము అడ్డు అనుకుందాం. 12 వోల్టులకు 12 ఆంపియర్లు, 144 వాట్లు. నాలుగు సిలిండర్ల బండిలో నాలుగింటికి కలిపి 48 ఆంపియర్లు. ఇంత కరెంటూ రిలేలోని రెండు చిన్న ముక్కల మధ్య నుంచే పోవాలి. ఆ ముక్కలకు ఉప్పుగాలి తగిలి ఓములో ఇరవయ్యో వంతు అడ్డు పెరిగిందనుకోండి. మీటరు కంటికి అది ఆనదు. కానీ ప్లగ్గులకు చేరేది 10 వోల్టులే అవుతుంది, వాటి వేడి దాదాపు మూడో వంతు తగ్గుతుంది, వోల్టులు తగ్గిన ఆ చోట, రిలే లోపల, 80 వాట్లు పుట్టి పెట్టెనే కరిగిస్తాయి. కొత్త ప్లగ్గులు వేసినా చేరేది ఆ 10 వోల్టులే. ముత్తుకూరు మండలంలోనే నేలటూరు దగ్గర దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో ఒక్కో యూనిట్టు 800 మెగావాట్లు పుట్టిస్తుంటే, పక్క రోడ్డు మీద ట్రక్కు 144 వాట్లకు మొహం వాచడం విధి వైపరీత్యం. ఈశాన్య రుతుపవనాల వానలు ఎక్కువగా పడే అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో కనెక్టర్లలోకి తేమ దిగి ఈ జబ్బు ముదురుతుంది. నేరం మాత్రం చలి మీదికి పోతుంది.

అందుచేత కవి చెప్పిన "వైరు చూడు"కు ఆచరణ ఇది: తాళం తిప్పి హీటరు వెలుగుతుండగా ప్లగ్గులను కలిపే పట్టీ దగ్గర వోల్టులు కొలవాలి, అదే క్షణంలో బ్యాటరీ దగ్గరా కొలవాలి. రెండింటి మధ్య తేడా ఒక వోల్టు దాటితే దొంగ దారిలోనే ఉన్నాడు. రిలే ముందు, రిలే వెనక కొలిచి పట్టుకోవచ్చు. ఇంజనుకూ ఛాసిస్‌కూ మధ్య ఎర్తు పట్టీని మరచిపోకూడదు, చిలుముకు అదీ ఇష్టమే. తేడా లేకపోతేనే ప్లగ్గుల వంతు. వాటిని పట్టీ విప్పి విడివిడిగా కొలవాలి, లేకుంటే చచ్చిన ప్లగ్గు బతికిన మూడింటి చాటున దాక్కుంటుంది. విప్పేటప్పుడు ఇంజను గోరువెచ్చగా ఉండాలి. బలవంతం చేస్తే ప్లగ్గు హెడ్డులోనే విరిగి, చిన్న రిపేరు హెడ్డు దించే పని అవుతుంది. కొత్తది కొనేముందు ఒంటి మీద అచ్చొత్తిన వోల్టులు చదవాలి. 24 వోల్టుల ప్లగ్గును 12 మీద పెడితే పావు వంతు వేడే వస్తుంది.

మూడో పక్షం షెడ్లలో బాగా వినిపించేది: కంట్రోలరు ఎందుకు, డైరెక్టు చేసి ఒక నొక్కుడు స్విచ్చి పెట్టెయ్యండి అని. దీన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యలేం. స్విచ్చికి చెడే గుణం తక్కువ, ధర తక్కువ, డ్రైవరుకు అదుపు ఎక్కువ. సరైన రిలేను నడిపే స్విచ్చి అయితే పాత బండికి అది చెడ్డ ఉపాయం కాదు కూడా. చిక్కల్లా వేలికి గడియారం లేకపోవడమే. బండి లేవనినాడు డ్రైవరు కోపం అంతా ఆ స్విచ్చి మీద పడుతుంది; అవసరాన్ని మించి నిమిషం నొక్కితే ప్లగ్గు కొస ఉబ్బి, బయటికి తియ్యబోతే రాదు. పది, ఇరవై సెకన్లలో ఆపేసే టైమరు ఉన్నది అందుకే. రిలే ముక్కలు అతుక్కుపోయినా జరిగేది ఇదే. కాబట్టి నాలుగు ప్లగ్గులూ ఒకేసారి కాలిపోయి కనిపిస్తే మళ్లీ నాలుగు కొనడానికి పరుగెత్తక, అతుక్కున్న రిలేను అనుమానించడం మెకానిక్కు ధర్మం.

ఇక పాఠాంతరం. చివరి పాదాన్ని "రేటు చూడు" అని చదివేవాళ్లున్నారు. బండి విలువే అంతంతమాత్రం, కంట్రోలరు కొనడం గిట్టుబాటా అని వారి భావం. తుక్కుకు పోబోయే బండి విషయంలో అది ఒప్పుకోవచ్చు. కానీ కావ్య వ్యాఖ్యాత మల్లినాథసూరి ఉంటే ఆ పాఠానికి ఆధారం అడిగేవాడు. మనకు ఛందస్సే ఆధారం. "వై"కి "రే"తో యతి కుదరదు, కనుక ఆ పాఠం అగ్రాహ్యం.