పాపం, ఆ హంతకుడు!

మంచి హంతకుడు అనేవాడు ఉంటాడా, ఉంటే వాడి లక్షణాలేమిటి అన్న విషయంలో మా వియ్యంకుడుగారికీ నాకూ ఇంకా రాజీ కుదరలేదు. ఆయన కరీంనగర్‌లో డిప్యూటీ తహశీల్దారుగా చేసి రిటైరయ్యారు. నేను గుంటూరులో లెక్కల మాస్టారుగా చేశాను. న్యూజెర్సీలో పిల్లలిద్దరూ ఆఫీసులకు పోయాక ఇంట్లో మిగిలేది మేం నలుగురు పెద్దవాళ్లం. బయట మంచు. పక్కింటి తలుపు తట్టి కబుర్లాడదామంటే అక్కడ ఆ ఆచారం లేదు. అలా పాత ‘కొలంబో’ సీరియల్ మా మధ్యాహ్నాల్లోకి వచ్చి కూచుంది.

చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1968లో ఒక టీవీ సినిమాగా పుట్టి, 1971 నుంచి ఎన్‌బీసీలో సీరియల్‌గా నడిచింది. డిటెక్టివ్ వేషం పీటర్ ఫాక్‌ది. నలిగిన రెయిన్‌కోటు, డొక్కు పేజో కారు, చేతిలో చుట్ట, నోరు తెరిస్తే ‘మా ఆవిడ’ ప్రస్తావన. (ఆ ఆవిడ మాత్రం తెరమీదికి రాదు. మా ఆవిడకు దీనిమీద గట్టి అభ్యంతరం ఉంది.) హత్య ఎవరు చేశారో, ఎలా చేశారో మొదట్లోనే చూపించేస్తారు. లెవిన్‌సన్, లింక్ అనే ఇద్దరు రచయితలు వేసిన ఎత్తు ఇది. చంపిందెవరన్న బెంగ మనకుండదు గనక, తీరిగ్గా కాళ్లు జాపుకుని చంపినవాణ్ణి ప్రేమించడం మొదలుపెడతాం.

వియ్యంకుడుగారు ప్రేమించింది ఏడ్రియన్ కార్సినీని. 1973 నాటి ఎపిసోడ్. డొనాల్డ్ ప్లెజెన్స్ ఆ వేషానికే పుట్టాడేమో అనిపిస్తుంది. కార్సినీకి వైన్ అంటే ప్రాణం. వైనరీ మాత్రం సవతి తమ్ముడు రిక్ పేరున ఉంది. వాడు దాన్ని చవకరకం సరుకు చేసేవాళ్లకు అమ్మేస్తానంటాడు. కార్సినీ వాడి నెత్తిన ఒకటి మోది, కాళ్లూ చేతులూ కట్టేసి, వైన్ దాచే గదిలో పడేసి, ఏసీ ఆపేసి, న్యూయార్క్‌లో వేలంపాటకు వెళ్లిపోతాడు.

“వేరే తొవ్వ ఏమున్నది బావగారూ?” అన్నారు వియ్యంకుడుగారు. “పార్టిషన్ దావా ఏస్తే పదేండ్లు. మీది కోర్టుకు పోతే ఇంకో పదేండ్లు. అప్పటికి ఆ తోట మొత్తం ప్లాట్లయిపోతది.”

“అందుకని చంపేస్తాడా?”

“సంపిండని ఎవరన్నరు? ఏసీ బంద్ జేసిండు, గంతే.”

సర్వీసంతా రెవెన్యూలో గడిపిన మనిషితో వాదన పెట్టుకోకూడదు.

కార్సినీ దొరికిపోయిన తీరు చూడాలి. అతను ఊళ్లో లేనప్పుడు లాస్ ఏంజిలస్‌లో ఎండలు మండిపోయాయి. ఏసీ లేక గదిలోని సీసాలన్నీ పాడయ్యాయి. కొలంబో అందులోంచి ఒక పాత సీసా గుట్టుగా తెచ్చి హోటల్లో అతని ముందే పోయిస్తాడు. గ్లాసు పెదవుల దాకా వెళ్లేసరికి మా వియ్యంకుడుగారు సోఫాలోంచి లేచి, “తాగకురా, తాగకు!” అని కేకేశారు. తాగాడు. ఇది వేడికి చెడిపోయిన సరుకని హోటలువాళ్ల మీద నిప్పులు కక్కాడు. తన నాలుకే తన మీద సాక్ష్యం. జన్మలో వైన్ చుక్క ముట్టని మా వియ్యంకుడుగారికి ఆ పూట అన్నం సహించలేదు.

ఇక్కడే వియ్యపురాలుగారు ఫిరాయించారు. సెక్రటరీ కారెన్‌కు సంగతంతా తెలుసు. నోరు విప్పకుండా ఉండాలంటే తనను పెళ్లాడమంటుంది. కార్సినీ ఆ పెళ్లికంటే జైలే నయమనుకుంటాడు. “ఆ పిల్లకేం తక్కువైందట?” అన్నారావిడ, భర్త వైపు చూస్తూ. ఆయన గోడ గడియారం చూశారు.

నా లెక్క వేరు. హంతకుడి మంచితనం చూసి మనకు జాలి పుట్టదు, పోయినవాడి పీడ చూసి పుడుతుంది. రచయితలు మొదటి ఇరవై నిమిషాలూ ఆ పనిమీదే ఉంటారు. 1974లో జానీ క్యాష్ చేసిన గాయకుణ్ణే తీసుకోండి. భార్య ఎడ్నా అతని గత తప్పును పట్టుకుని బెదిరిస్తూ, పాటల సంపాదనంతా ప్రార్థనామందిరం కట్టడానికి లాగేసుకుంటుంది. అతను కాఫీలో మత్తుమందు కలిపి, విమానాన్ని కూలనిచ్చి, తను పారాషూట్‌తో దూకేస్తాడు. ఎడ్నా పోయిందని మా నలుగురికీ హాయిగా ఉంది. కానీ అదే విమానంలో మేరీయాన్ అనే చిన్నపిల్ల కూడా ఉంది. అతని గత తప్పు ఆ పిల్లతోనే. ఆ సంగతి గుర్తుచేస్తే వియ్యంకుడుగారు, “ఎవరూ? అట్ల ఒకామె ఉండెనా?” అన్నారు. పాట మాత్రం స్నానాల గదిలో ఇప్పటికీ కూనిరాగం తీస్తున్నారు.

రూత్ గోర్డన్ వేసిన ముసలి రచయిత్రి సంగతి సరేసరి. మేనకోడల్ని చంపాడన్న అనుమానంతో ఆ పిల్ల మొగుణ్ణి ఇనప్పెట్టె లాంటి గదిలో బంధించి చంపుతుంది. నలుగురం చప్పట్లు కొట్టాం. అది వచ్చింది 1977లో. ఆ ఏడాదే మనవాళ్లు ‘దానవీరశూరకర్ణ’లో ఎన్టీఆర్ దుర్యోధనుడికి ఈలలు వేశారు కాబట్టి, ఈ విద్యలో మనం అమెరికావాళ్ల దగ్గర నేర్చుకోవాల్సిందేమీ లేదు.

మాలో ఒక్క ఓటూ చీలకుండా ఉరిశిక్ష పడింది లియొనార్డ్ నిమోయ్ వేసిన సర్జన్‌కే. నర్సును చంపినందుకు కాదు. కొలంబో మొహం మీద నవ్వినందుకు. అరుదుగా తప్ప గొంతు పెంచని కొలంబో కూడా అప్పుడు బల్ల అదిరేలా కోపం తెచ్చుకున్నాడు.

మా ఆవిడ కేసు వేరు. ఆవిడ మనసంతా గ్రేస్ వీలర్ దగ్గరే ఉంది. 1975, జానెట్ లీ. ఒకప్పటి నాట్యతార. మళ్లీ రంగస్థలమెక్కాలనుకుంటుంది, డబ్బివ్వనన్న భర్తను చంపుతుంది. తీరా చూస్తే ఆమె మెదడులో నయంకాని జబ్బు, చేసిన హత్య కూడా గుర్తులేదు. పాత జోడీ నటుడు నేరం తన నెత్తిన వేసుకుంటాడు, కొలంబో ఊరుకుంటాడు. మా ఆవిడ కొంగు తడిసింది.

నేను లేచాను. “ఆ భర్త హెన్రీ ఏం పాపం చేశాడు? ఆమెకు ఆరోగ్యం బాగాలేదని తెలిసి వద్దన్నాడు. ఇంత మంచివాడికి ఒక్కరైనా పాపం అన్నారా?” అని, అక్కడికక్కడే హతుల సంక్షేమ సంఘం ప్రతిపాదించాను.

వియ్యంకుడుగారు ఉపాధ్యక్షుడిగా ఉంటానన్నారు, రిక్ పేరు తీసేస్తేనే. వియ్యపురాలుగారు ఎడ్నాను తీసేశారు. సభ్యుల జాబితాలో హెన్రీ ఒక్కడే నిలిచాడు.

“ఆయన్నీ తీసెయ్యండి,” అంది మా ఆవిడ. “కట్టుకున్నదాని జబ్బు కట్టుకున్నదానికే చెప్పకుండా దాస్తే ఇలాగే అవుతుంది. ఇంతకీ మొన్నటి మీ షుగరు రిపోర్టు ఎక్కడ పెట్టారు?”