18 గుంటలేనా!

మొగలుల ఫిరంగులకు అడ్డంగా కుతుబ్‌షాహీలు కట్టిన గోల్కొండ నయాఖిలాలో ఇప్పుడు గోల్ఫ్ బంతులు ఎగురుతున్నాయి. 18 గుంటలు, ఒక్కోటి 108 మిల్లీమీటర్ల వెడల్పు. అంత చిన్న గుంటలో బంతి వేయడానికి రుసుము కట్టాలట! నగర శివారు అల్మాస్‌గూడలో వానపడితే రోడ్డు గుంటల్లోకి బండితో సహా దిగొచ్చు, పైసా రుసుము లేదు.

ఇక్కడి పిల్లలది క్రికెట్. అమ్ముడుపోని ప్లాటే మైదానం. రిజిస్ట్రేషనైన మర్నాడు కడీలు పాతేస్తారు, జట్టు పక్క ప్లాటుకు జరుగుతుంది. విల్లాల వాళ్లకు క్లబ్‌హౌసుంది, షటిల్ కోర్టూ ఉంది. శ్రావణమాసంలో మాత్రం ఆడకూడదు, అప్పుడక్కడ సీమంతాలు, బారసాలలు.

ఆ విల్లాల బ్రోచర్‌లో గోల్ఫ్ కర్ర పట్టుకున్న తెల్లదొర ఎవరని అడిగితే సేల్స్ కుర్రాడు తడుముకోలేదు: "మీ పక్కింటాయనే సార్, ముందు అడ్వాన్స్ కట్టండి!"