ఆషాఢ గోడు

ఆషాఢంలో కొత్తకోడళ్లు పుట్టింటికి చేరతారు. పెళ్లిళ్లుండవు కాబట్టి పెళ్లి ఫోటోగ్రాఫర్లూ పుట్టింటికే చేరతారన్న సంగతి ఏ పంచాంగంలోనూ వేయరు. వేసి ఉంటే ముందే ఏ కాశీకో టిక్కెట్లు తీసుకునేవాణ్ణి.

మావాడు ఫోటోగ్రాఫరయ్యాడు. అంతకుముందు ఇంజనీరింగ్ చదివాడు. ఆ సంగతి వాడు మరిచిపోయాడు, నేను మాత్రం బీరువాలో ఫీజు రసీదులు కనబడ్డప్పుడు తలుచుకుంటూ ఉంటాను. ముహూర్తాల రోజుల్లో ఓ పెద్ద ఫోటోగ్రాఫర్ వెంట రెండో కెమెరాగా తిరుగుతాడు. మూఢమో ఆషాఢమో వస్తే ఇంట్లో పోర్ట్రెయిట్ ప్రాక్టీస్ చేస్తాడు. దానికి మనుషులు కావాలి. మారేడ్‌పల్లిలోని మా రెండు గదుల ఫ్లాటులో ఉన్న మనుషులం నేనూ, వాళ్లమ్మా.

హాల్లో కిటికీకి నా దుప్పటి కట్టాడు, ఎండ మెత్తబడుతుందట. టీవీ డబ్బాలోంచి తీసిన థర్మోకోల్ షీటు వాళ్లమ్మ పట్టుకుని నిలబడాలి, ఆ వెలుగు నా చెంప మీద పడుతుందట. పడకకుర్చీ ఉండాల్సిన చోట లైటు స్టాండు, దానికో తెల్ల గొడుగు. ఇంట్లో గొడుగు విప్పితే అరిష్టమని మా అమ్మ అనేది. గోడకున్న ఆకుపచ్చ రంగు మొహాల మీదికి ఎక్కుతోందని, బూడిదరంగు వేయిద్దామని మొన్న ప్రతిపాదించాడు. ఆ ఆకుపచ్చ ఏరికోరి వేయించింది వాళ్లమ్మ కాబట్టి ఆ గండం గడిచింది.

పొద్దున్నే కాఫీ గ్లాసు నోటిదాకా వస్తుంది.

"నాన్నా, అలాగే ఉండు. పొగ కావాలి."

పొగ కనబడాలంటే వెలుగు దాని వెనకనుంచి రావాలట. నన్ను తిప్పి, కుర్చీ తిప్పి, కిటికీకి ఎదురు కూర్చోబెట్టేసరికి కాఫీ చల్లారింది. చల్లారిన కాఫీకి పొగ ఎక్కడిది? గ్లాసు వెనక అగరొత్తి వెలిగించాడు. ఫోటో అద్భుతంగా వచ్చిందని అందరూ అన్నారు. ఆ రోజు నేను తాగింది మల్లెపూల వాసన వేసే చల్లకాఫీ.

ఇక రెంబ్రాంట్ లైటింగ్ అని ఒకటుంది. మొహం సగం చీకట్లో ఉండాలి, ఆ చీకటి చెంప మీద కంటి కింద చిన్న త్రికోణమంత వెలుగు పడాలి. ఆ త్రికోణం కోసం నేను గంటసేపు మెడ వంచాను. సదరు రెంబ్రాంట్ 1656లో దివాలా తీసి ఇల్లు పోగొట్టుకున్నాడని చదివి వినిపిస్తే, "లైటింగ్ మిగిలింది కదా నాన్నా" అన్నాడు. బ్యాంకు ఫారానికి ఫోటో కావాలంటే ఆ పద్ధతిలోనే తీసిచ్చాడు. కౌంటర్లో అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి, "నామినీ ఫోటో కాదండీ, ఖాతాదారుడిది కావాలి" అంది. చివరికి వీధి చివర స్టూడియోలో తెల్లగుడ్డ ముందు కూర్చుని, రెండు చెవులూ కనబడేలా తీయించుకున్నాను.

ఎనభైఅయిదు ఎంఎం లెన్సు కొన్నాడు. దాని ఘనత ఏమిట్రా అంటే, మనిషి వెనకున్నదంతా మసకబారుస్తుందట. శుక్లాల ఆపరేషన్‌కు ముందు నాకు లోకమంతా అలాగే ఉండేది. అది పోగొట్టుకోవడానికి నేను డబ్బు కట్టాను, తెచ్చుకోవడానికి వాడు కట్టాడు. కట్టిన డబ్బు రెండుసార్లూ నాదే.

వాడికి ఆరాధ్యుడు రాజా దీన్‌దయాళ్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్, మా సికింద్రాబాద్‌లోనే స్టూడియో నడిపినవాడు, 1892లో ఆడవాళ్లకోసం హైదరాబాదులో విడిగా జనానా స్టూడియో పెట్టినవాడు. మహానుభావుడే, కాదనను. గాజు పలకల మీద తీసేవాడు, కాబట్టి నొక్కేముందు ఆలోచించి ఉంటాడు. పైగా ఆయన్ని పోషించడానికి నిజాం ఉన్నాడు. మావాడికి ఆ నిజాం నేను.

వేసవిలో మా మేనకోడలి కూతురి పెళ్లికి వాడి బృందమే. జీలకర్ర బెల్లం వేళకు మంటపం చుట్టూ ఆరుగురు. అడ్డుతెర దించారు, మాకు వాళ్ల వీపులు కనబడ్డాయి. అక్షింతలు వేశాం, అవీ ఆ వీపుల మీదే పడ్డాయి. మూడో ముడి సరిగ్గా పడలేదు (కెమెరాలో సుమండీ), పంతులుగారిని ఆపి మళ్లీ వేయించారు. మూడుముళ్ల బంధం ఆ పిల్లకు నాలుగైంది. అప్పగింతల్లో నా మేనకోడలు కూతుర్ని పట్టుకుని భోరుమంటుంటే, "ఆంటీ, కొంచెం ఇటు తిరిగి ఏడవండి" అన్నాడొకడు. దీన్ని కాండిడ్ అంటారట. చూడనట్టు చూడటం, తెలియనట్టు నవ్వడం, ఇటు తిరిగి ఏడవడం.

మా పెళ్లి 1988లో. మూడు రీళ్లు, రీలుకు ముప్పైఆరు, వెరసి నూటఎనిమిది. అచ్చంగా అష్టోత్తరం. అందులోనూ తాళి కట్టే ఫోటో లేదు. సరిగ్గా అప్పుడే ఫోటోగ్రాఫర్ రీలు మారుస్తున్నాడు. అయినా ఆల్బమ్ పదిహేను రోజుల్లో ఇంటికొచ్చింది. ఈ పెళ్లికి వీళ్లు తీసినవి నాలుగువేల రెండువందలు, సహస్రనామం నాలుగుసార్లు చదివినా ఇంకా మిగులుతాయి. అవి ఏరడం ఇంకా అవలేదు. ఆల్బమ్ ఏదని మేనకోడలు నాకు ఫోన్ చేస్తుంది, తీసినవాడికి కాదు. ఇలాగే సాగితే పిల్ల సీమంతం ఫోటోలు కూడా అందులోనే వేసేయొచ్చు.

ఇంట్లో నాకు మద్దతు లేదు. కిటికీ పక్కన పూలు కడుతుండగా వాడు తీసిన ఫోటో వాళ్లమ్మ వాట్సాప్‌లో పెట్టుకుంది. ఖమ్మంనుంచి ముగ్గురు చెల్లెళ్లూ ఫోన్ చేసి, పదేళ్లు చిన్నదానిలా ఉన్నావన్నారు. అప్పట్నుంచి థర్మోకోల్ షీటు అడక్కుండానే పట్టుకుంటోంది.

శ్రావణంలో ముహూర్తాలున్నాయి. మీ ఇంట్లో పెళ్లిగానీ, ఓణీల ఫంక్షన్‌గానీ, కనీసం అన్నప్రాశనగానీ ఉంటే మావాణ్ణి పిలవండి. డబ్బు సంగతి మీ ఇష్టం. స్టాండూ గొడుగూ వెంట తెచ్చుకుంటాడు. ఒక్కరోజు ముందే తీసుకెళ్లి ఒక్కరోజు ఆలస్యంగా పంపితే, ఆ మూడురోజులూ పడకకుర్చీ దాని చోట వేసుకుని, ట్యూబులైటు కింద పేపరు చదువుకుంటూ వేడి కాఫీ తాగుతాను.